మామిడి తోటలో ఆరేళ్లు నడిపిన పాత పెట్రోల్ గోల్ఫ్ కార్ట్: కొన్నది మొదలు రిపేర్ల దాకా

నర్సంపేట దగ్గర మాకు తొమ్మిదెకరాల మామిడి తోట ఉంది. బాపుకు, అంటే మా నాన్నకు, మోకాళ్లు అరిగి గేటు నుంచి చివరి బోరు దాకా నడవడం కష్టమైపోయింది. ఆ టైంలోనే, 2019లో, హైదరాబాద్ శివార్లలో ఒక రిసార్టు వాళ్లు పాత సామాను అమ్ముతున్నారని తెలిసి ఈ బండి కొన్నాం. 85 వేలు, డీసీఎం కిరాయి వేరే. అప్పటికే దాని వయసు పదిహేనేళ్లు దాటింది. కంపెనీ పేరు కావాలనే రాయట్లేదు, ఎందుకంటే నేను చెప్పబోయే తిప్పలన్నీ వయసు వల్ల, సరిగ్గా చూసుకోకపోవడం వల్ల వచ్చినవే, తయారుచేసిన వాళ్ల తప్పు కాదు. క్లబ్ కార్, ఈజీగో, యమహా, ఏదైనా సరే పాత ఫోర్ స్ట్రోక్ పెట్రోల్ బండి నడిచే పద్ధతి చాలావరకు ఒకటే, కాబట్టి ఎవరి దగ్గర ఏది ఉన్నా ఇందులో పనికొచ్చేది కొంత దొరుకుతుంది.

ముందే చెప్తున్నా, బండి నాకు బాగా నచ్చింది. తోటకు ఇంత సరిపోయే బండి ఇంకోటి నేను చూడలేదు. కాకపోతే పానా పట్టే ఓపిక లేనివాళ్లు దీని జోలికి పోవద్దు. వరంగల్‌లో, హన్మకొండలో బైక్ మెకానిక్‌లకు ఇంజన్ తెలుసు, ఆటో ఎలక్ట్రీషియన్లకు స్టార్టర్ తెలుసు, కానీ ఈ రెండూ పెడల్‌తో ఎలా కలిశాయో తెలిసినవాళ్లు నాకు దొరకలేదు. వాళ్ల తప్పేం లేదు, చూడని బండి కదా.

ఆ కలయిక ముందు అర్థం చేసుకోవాలి. ఈ బండి కారులాగా తాళం తిప్పితే స్టార్ట్ కాదు, న్యూట్రల్‌లో ఊరికే తిరుగుతూ ఉండదు. తాళం ఆన్ చేసి యాక్సిలరేటర్ తొక్కితే పెడల్ దగ్గరున్న చిన్న స్విచ్ కలుస్తుంది, దాంతో సోలినాయిడ్ అనే పెద్ద కరెంటు స్విచ్ టక్ మంటుంది, 12 వోల్టుల కరెంటు స్టార్టర్‌కు పోతుంది, స్టార్టర్ బెల్టుతో ఇంజన్‌ను తిప్పుతుంది. ఇంజన్ అందుకున్నాక అదే స్టార్టర్ డైనమోగా మారి బ్యాటరీని ఛార్జ్ చేస్తుంది. కాలు తీస్తే ఇంజన్ ఆగిపోతుంది. చక్రాలకు శక్తి పోయేది స్కూటీలో ఉన్నట్టే రెండు పుల్లీల మధ్య తిరిగే వెడల్పు బెల్టుతో, గేర్లు మార్చే పని లేదు, ముందుకా వెనక్కా అన్న లివర్ ఒక్కటే.

అంటే పెడల్ తొక్కితే స్టార్ట్ కావడమూ కదలడమూ ఒకేసారి. రిపేరు చేసేటప్పుడు దీన్ని అస్సలు మర్చిపోవద్దు. వెనక చక్రాలు రెండూ నేల వదిలేలా జాకీ ఎత్తి, కింద గట్టి స్టాండ్లు పెట్టి, ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాకే నేను సీటు ఎత్తుతాను. ఇంజన్ సీటు కిందే ఉంటుంది, పెట్రోల్ ట్యాంకు కూడా అక్కడే పక్కన ఉంటుంది. పైపు ముట్టుకునే పని ఉంటే బ్యాటరీ ఎర్త్ తీసేసి, షెడ్డు బయట, గాలి ఆడేచోట చేయాలి. కొంతమంది స్క్రూడ్రైవర్‌తో సోలినాయిడ్ బోల్టులు రెండూ కలిపి స్టార్ట్ చేస్తారు, పెట్రోల్ ఆవిరి ఉన్నచోట నిప్పురవ్వ లేపడం అది, దయచేసి చేయొద్దు.

బండి స్టార్ట్ కానప్పుడు నేను వరసగా నాలుగే చూస్తాను: టక్ మంటుందా, స్టార్టర్ తిరుగుతుందా, ప్లగ్‌లో నిప్పు వస్తుందా, పెట్రోల్ వస్తుందా. ఒకదానికి జవాబు దొరక్కుండా రెండోదానికి పోను, నాలుగూ చూడకుండా సామాను కొనను. ఈ పద్ధతి పట్టుబడడానికి నాకు మూడేళ్లు పట్టింది, ఆ మూడేళ్లలో అక్కర్లేని సామానుకు పెట్టిన డబ్బుతో రెండు కొత్త బ్యాటరీలు వచ్చేవి.

టక్ అనకపోతే ముందు మల్టీమీటర్ తీయండి. నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 చూపిస్తుంది, 12.2 కంటే తగ్గితే అది సగం ఖాళీ. బ్యాటరీ బాగుండి కూడా టక్ రాకపోతే పెడల్ స్విచ్చే కారణం కావచ్చు. మాది ఎర్ర చెలక, దుమ్ము ఎంత సన్నగా ఉంటుందంటే పెడల్ కింది డబ్బా విప్పితే లోపల కుంకుమ పోసినట్టు ఉంది, దానిమీద చీమలు పుట్ట పెట్టాయి. బ్రష్‌తో దులిపి, స్విచ్ కొసలు తుడిచి బిగిస్తే మళ్లీ పలికింది. టక్ అంటుంది కానీ తిరగట్లేదంటే, ఒకరు పెడల్ తొక్కుతుంటే సోలినాయిడ్ పెద్ద బోల్టులు రెండింటి మధ్య వోల్టేజ్ చూడాలి. అది దాదాపు సున్నా రావాలి. అర వోల్టు, ఒక వోల్టు చూపిస్తుందంటే లోపల కాంటాక్టులు కాలిపోయినట్టు. అదే సమయంలో బ్యాటరీ మీద పెట్టి చూస్తే పదికి కిందికి బాగా పడిపోతుందంటే, ఊరికే ఉన్నప్పుడు 12.6 చూపించినా సరే, ఆ బ్యాటరీలో సత్తువ లేనట్టే.

బ్యాటరీ గురించి తోటల్లో వాడేవాళ్లు తెలుసుకోవాల్సింది ఒకటుంది. మొదట్లో ఏడాదికో బ్యాటరీ పోయేది. ఎందుకో చాలా రోజులు తెలియలేదు. బాపు ప్రతి చెట్టు దగ్గరా ఆగి, పూత చూసి, పిందె చూసి, మళ్లీ పది గజాలు పోయి ఆగుతాడు. ఆగినప్పుడల్లా ఇంజన్ ఆగుతుంది, కదిలినప్పుడల్లా స్టార్టర్ తిరుగుతుంది. ఆ పది గజాల్లో డైనమో ఇచ్చేది, స్టార్టర్ తాగినదాంట్లో ఏ మూలకూ రాదు. గోల్ఫ్ ఆటలో కాస్త దూరం పోయి ఆగుతారు, మనం చెట్టుకోసారి ఆగుతాం. ఇప్పుడు వారానికోసారి రాత్రంతా ఛార్జర్ పెడుతున్నా, పనయ్యాక తోట చుట్టూ రెండు రౌండ్లు ఆపకుండా తిప్పుతున్నా. ఈ బ్యాటరీకి ఇది నాలుగో ఏడు. ఇంజన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ మీద 14 దగ్గర చూపించాలి, 12 దగ్గరే నిలబడితే స్టార్టర్ బెల్టు వదులైందా, బ్రష్‌లు అరిగాయా, రెగ్యులేటర్ పోయిందా చూసుకోండి.

ఇక 2022 ఎండాకాలం సంగతి. కోతలు మొదలయ్యే ముందు బండి గట్టు ఎక్కేటప్పుడు దమ్ము తీయడం మొదలుపెట్టింది. చదునులో బాగానే పోయేది, లోడు పడితే గొంతు పట్టుకున్నట్టు ఆగిపోయేది, మళ్లీ స్టార్ట్ కావాలంటే పది నిమిషాలు. తీసుకెళ్లి ఒక మెకానిక్‌కు చూపిస్తే "తమ్మీ, కార్బొరేటర్ పోయింది, మార్చాలె" అన్నాడు. 6,500 పెట్టి మార్చాం. రెండు రోజులు బాగుంది, మూడోరోజు మళ్లీ అదే. ప్లగ్ మార్చాం, ఫిల్టర్లు మార్చాం, కాయిల్ కూడా మార్చాం. కాయలు చెట్ల మీద పండుతున్నాయి, క్రేట్లు మోయడానికి కూలీలు ఎక్కువ అడుగుతున్నారు, నాకేమో రాత్రుళ్లు నిద్ర పట్టని టెన్షన్. బాపు రోజూ పొద్దున మంచంలోంచే అడిగేవాడు, "ఏంరా, ఇయ్యాలనన్న నడుస్తదా బండి?" అని. ఒకరోజు మాత్రం అడగలేదు, కర్ర పట్టుకుని తోటలోకి నడిచిపోయాడు. అది చూసి నాకు కడుపులో దేవినట్టయింది.

ఆ రోజు మధ్యాహ్నం ఏమీ విప్పకుండా, ఊరికే ఆయిల్ చూద్దామని గేజ్ పుల్ల తీశా. పై గీత దాటి రెండు వేళ్ల ఎత్తు ఉంది. ఆయిల్ తగ్గుతుంది గానీ పెరగడమేంటి? వేలికి రాసుకుంటే నీళ్లలా జారింది, ముక్కు దగ్గర పెడితే పెట్రోల్ బంకు వాసన. పేపర్ మీద ఒక చుక్క వేశా. మధ్యలో నల్లమచ్చ చిన్నగా నిలబడిపోయి, చుట్టూ పల్చటి తడి వలయం అరచేయంత పాకి, చూస్తుండగానే ఎండలో ఆరిపోయింది. ఇంజన్ ఆయిల్‌లో పెట్రోల్ కలుస్తుంది.

ఎటు నుంచి కలుస్తుంది? ఈ బండ్లలో పెట్రోల్ పంపుకు కరెంటు ఉండదు. పిస్టన్ కదిలినప్పుడు క్రాంక్ కేసులో గాలి ఒత్తిడి మారుతుంది కదా, ఆ ఊపు ఒక సన్న పైపులో పంపు దాకా వచ్చి, లోపలి రబ్బరు పొరను ఆడిస్తుంది. ఆ పొర చిరిగితే పెట్రోల్ కార్బొరేటర్‌కు సరిగా పోదు, పైగా ఆ సన్న పైపులోంచే ఇంజన్ లోపలికి దిగుతుంది. పంపు దగ్గర ఆ పైపు లాగి చూశా, దాంట్లోంచి పెట్రోల్ చుక్కలు కారాయి. ఆయిల్ తేమ ఉంటే ఉండొచ్చు గానీ అక్కడ పెట్రోల్ ఉండకూడదు. అయినా ఈసారి అనుమానంతో డబ్బు పెట్టదలచుకోలేదు. ముందు ఆయిల్ మొత్తం దించి కొత్తది పోశా. తర్వాత బైక్ మెకానిక్‌లు వేలాడదీసే చిన్న పెట్రోల్ సీసా ఒకటి తెచ్చి, టాప్ రాడ్డుకు కట్టి, పంపుతో పని లేకుండా కార్బొరేటర్‌కు పైనుంచి నేరుగా పెట్రోల్ ఇచ్చా. బండి గట్టును ఒక్క ఊపులో ఎక్కింది. పంపు తప్ప మిగతావన్నీ బాగున్నాయని తేలిపోయింది. ఆన్‌లైన్‌లో పంపు 1,400. పంపు బిగించి కొంచెం నడిపాక ఆయిల్ ఇంకోసారి మార్చా, పాతది ఎంతో కొంత లోపల మిగిలే ఉంటుంది కాబట్టి. పల్చబడ్డ ఆయిల్‌తో అలాగే నడిపి ఉంటే బేరింగులు పోయి ఇంజన్ పట్టేసేది. అందుకే ఇప్పుడు ప్రతి ఆదివారం గేజ్ పుల్ల తీసి, తగ్గిందా అని ఎంత చూస్తానో పెరిగిందా అని అంతే చూస్తాను.

ఆ తర్వాత వచ్చిన ఇంకో జబ్బు దీనికి దగ్గరదే. బాగా నడిచి పావుగంటకు ఆగిపోవడం, కాసేపు వదిలేస్తే మళ్లీ నడవడం. ఈసారి వరస తప్పలేదు. నిప్పు ఉంది, పెట్రోల్ రావట్లేదు. ట్యాంకు మూత తిప్పగానే బుస్‌మని గాలి లోపలికి పీల్చుకుంది. మూతకు గాలి పోయే సన్న రంధ్రం ఉంటుంది, కందిరీగ మట్టి తెచ్చి దాన్ని మూసి గూడు కట్టేసింది. పిన్నీసుతో పొడిస్తే పోయింది. ఖర్చు సున్నా.

ఎలుకలు వైర్లు కొరకడం వానాకాలంలో మామూలే, నేను వైర్లన్నీ గొట్టంలోకి ఎక్కించేశా. స్టార్టర్ బెల్టుకు కొలత పట్టుకుపోతే వరంగల్‌లో పిండిగిర్నీ బెల్టులు అమ్మే షాపులో సరిపోయేది దొరికింది, చక్రాలు తిప్పే పెద్ద బెల్టు మాత్రం ఆ బండిదే కావాలి, దానికి బదులు ఏదో ఒకటి వేస్తే స్పీడు అందదు, వేడెక్కి కాలుతుంది. కదిలేటప్పుడు కీచుమంటే బెల్టు అంచులు అద్దంలా నున్నగా అయ్యాయేమో చూడండి. పుల్లీల మీద గ్రీజు మాత్రం పూయకండి.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. అది గాలిలో తేమను లాగుతుంది, పాత రకం రబ్బరు పైపులను మెత్తబరుస్తుంది. మా బండి పైపులన్నీ ఇథనాల్‌కు తట్టుకునే రకంతో మార్చేశా, అన్నీ కలిపి మూడు మీటర్లు కూడా లేవు. వానాకాలంలో నెల రోజులు వాడననుకుంటే ట్యాంకు ఖాళీ చేసి, కార్బొరేటర్ కింది స్క్రూ వదులుచేసి అందులోదీ దించేస్తాను. ఈ ఒక్క అలవాటుతో కార్బొరేటర్‌లో పెట్రోల్ పోయే సన్న రంధ్రాలు, అంటే జెట్లు, జిగురు పట్టడం ఆగిపోయింది.

తమ్ముడి కొడుకు స్పీడు పెంచమని గోల చేస్తుంటాడు. ఇంజన్ వేగాన్ని హద్దులో ఉంచే గవర్నర్ స్ప్రింగ్ బిగిస్తే పెరుగుతుంది, నాకు తెలుసు, కానీ చేయను. బ్రేకులు వెనక రెండు చక్రాలకే ఉన్నాయి, బెల్టులు పెట్టుకునే సీట్లు కావు, తడి మట్టిలో దిగుడు మీద పాతిక కిలోమీటర్ల వేగమే ఎక్కువ. అలాగే రిజిస్ట్రేషన్ లేని బండి, తోట గేటు దాటించి రోడ్డెక్కించకూడదు. పక్క చేను వాళ్లు అడిగినా ట్రాలీ మీద తీసుకుపొమ్మనే చెప్తాను.

ఇలాంటి బండి కొనేముందు డబ్బులిచ్చే లోపు మూడు పనులు చేయండి. గేజ్ పుల్ల తీసి వాసన చూడండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లి, మీ కాలితో తొక్కి స్టార్ట్ చేయండి, ముందే వేడి చేసి పెట్టి ఉంటే ఇంకోరోజు వస్తానని చెప్పండి. ఇద్దరు ముగ్గురిని ఎక్కించుకుని ఒక ఎత్తు ఎక్కించండి. ఛాసిస్ ఇనుముదైతే బ్యాటరీ కింద తుప్పు తప్పకుండా చూడండి, మాది అక్కడే తినేస్తే నర్సంపేటలో వెల్డింగ్ పెట్టించాను.

ఈ ఏడాది వెనక బ్రేక్ షూలు మిగిలున్నాయి. కోతల లోపు వేయాలి. పోయిన వారం డ్రమ్ములు విప్పుతుంటే బాపు కుర్చీ తెచ్చుకుని పక్కనే కూర్చుని, విప్పిన నట్టు విప్పినట్టు తీసి డీజిల్ గిన్నెలో వేస్తూ, ఏది ఏ చక్రానిదో తనే గుర్తుపెట్టుకుంటున్నాడు.