45 పౌండ్లకు దొరకనిది ఉచితంగా దొరికింది

లండన్‌లో బస, తిండి, బస్సులు బాగానే గడిచాయి. నా కోపమంతా ఒక గైడ్ టూర్ మీద. పునరుజ్జీవన కాలపు రాజవిందుల ముద్రణ చిత్రాలు చూపిస్తామని ఊరించి మనిషికి 45 పౌండ్లు తీసుకున్నారు. వదినకూ నాకూ కలిపి 90. బ్రిటిష్ మ్యూజియంలోకి ప్రవేశమే ఉచితం మరి! గైడు గదుల వెంట తిప్పి, వెండి గిన్నెలూ గాజు పాత్రలూ చూపించి, చివర్లో ఆ చిత్రాలను తన ట్యాబ్లెట్‌లో చూపించాడు. అసలువి ఏవని అడిగితే, "ప్రస్తుతం ప్రదర్శనలో లేవు" అన్నాడు. టూర్ బుక్ చేసింది వదినే కాబట్టి హోటల్ చేరేదాకా ఆవిడ నోరు విప్పలేదు.

కాగితం మీది చిత్రాలు వెలుతురుకు పాడవుతాయి. అందుకే వాటిని పెట్టెల్లో భద్రపరిచి, 90వ నంబరు గదిలో కొన్నింటినే మార్చి మార్చి పెడతారు. అదే వృత్తిగా బతికేవాడికి ఈ సంగతి తెలియదంటే నేను నమ్మను.

ఆ గదిని ఆనుకునే, భద్రపరిచిన చిత్రాలను అడిగితే తెచ్చి చూపించే స్టడీ రూమ్ ఉంది. మ్యూజియం వెబ్‌సైటులో చిత్రాల నంబర్లు వెతికి, ముందుగా ఈమెయిల్ పంపి సమయం తీసుకోండి. గుర్తింపు కార్డు ఉండాలి. రాసుకోవడానికి పెన్ను కుదరదు, పెన్సిలే. పైసా ఖర్చు లేదు.

మేము అడిగిన పెట్టె వచ్చింది. మొదటిది జర్మన్ చిత్రకారుడు ఇస్రాయెల్ వాన్ మెకెనెమ్ చెక్కిన హేరోదు కొలువులోని నాట్యం, 1500 ప్రాంతానిది. మధ్యలో వాద్యకారులు, చుట్టూ చిత్రకారుడి కాలపు దుస్తుల్లో జంటలు. భార్య కూతురి నాట్యానికి మెచ్చి, ఆమె కోరిందని హేరోదు రాజు యోహాను ప్రవక్త తల నరికించిన బైబిల్ కథ ఎక్కడుందా అని నేను వెతుకుతుంటే, మిషన్ స్కూల్లో చదివిన వదిన వెనుక మూలల్లో పట్టేసింది: ఒకచోట యోహాను శిరచ్ఛేదం, మరోచోట విందు బల్ల దగ్గరికి వస్తున్న తల. "ఒకడి తల తెగుతుంటే ఒక్కరూ వెనక్కి తిరగరేమిటి?" అంది. టూర్ తర్వాత ఆవిడ మొహంలో వెలుగు చూడటం అదే మొదలు.

రెండోది ఎం.జెడ్. అనే పొడి అక్షరాలతోనే సంతకం చేసిన చిత్రకారుడిది, 1500లో వెలువడిన రాజాస్థాన నృత్యం. గదినిండా నాట్యం సాగుతుంటే, వెనుక కిటికీ దగ్గర దొరగారు, దొరసాని పేకాడుకుంటున్నారు! ఆ దొర జర్మనీలోని బవేరియాను ఏలిన డ్యూక్ నాలుగో ఆల్బ్రెక్ట్ అంటారు. ఇస్రాయెల్ కంసాలి పని తెలిసినవాడే, ఎం.జెడ్. కూడా అంతేనంటారు. రాగి రేకు మీద ఉలితో గీత చెక్కి, సిరా నింపి, తడి కాగితం మీద ఒత్తడం ఆ చేతులకు అబ్బిన విద్యే. కాగితాన్ని వెలుతురుకు ఏటవాలుగా చూస్తే రేకు అంచు నొక్కుకున్న గాడి కూడా కనిపిస్తుంది. ట్యాబ్లెట్‌లో అది ఎక్కడ దొరుకుతుంది?

టూర్ డబ్బు వెనక్కి ఇమ్మని వదిన గట్టిగానే ఉత్తరం రాసింది. జవాబుగా 15 శాతం తగ్గింపు కూపన్ పంపారు, మళ్లీ అదే టూర్‌కు.