డెఫ్ లెపర్డ్ ‘హిస్టీరియా’ ఎల్పీ: ఒక డిస్కుదా, రెండు డిస్కులదా?

ఇంగ్లండు రాక్ బ్యాండు డెఫ్ లెపర్డ్ ఆల్బమ్ ‘హిస్టీరియా’ పాటల్లో తప్పు పట్టడానికి పెద్దగా ఏమీ లేదు. చిక్కంతా డిస్కులోనే ఉంది. 1987 ఆగస్టులో వచ్చిన దీని మొదటి ఎడిషన్ ఎల్పీ (వినైల్ రికార్డు) ఒకే డిస్కు. అందులో 12 పాటలు, 62 నిమిషాల పైచిలుకు. నిమిషానికి 33⅓ చుట్ల స్పీడులో వైపుకు 20 నిమిషాలైతే సూది నడిచే గాడులకు చోటు చక్కగా సరిపోతుంది, 22 దాకా సర్దుకోవచ్చు. దీని మొదటి వైపే దాదాపు 32 నిమిషాలు! పక్కపక్క గాడులు ఒకదానిలోకొకటి చొరబడకుండా ఉండాలంటే గాడులు చెక్కేటప్పుడే (కటింగ్) మొత్తం సౌండు, ముఖ్యంగా బేస్, తగ్గించక తప్పదు. ఇంట్లో వాల్యూమ్ పెంచితే పాటతో పాటు దుమ్ము చిటపటలూ పెరుగుతాయి.

ఇంత పొడవు ఊరికే రాలేదు. 1977లో షెఫీల్డులో మొదలైన ఈ బ్యాండు 1983లో ‘పైరోమేనియా’ ఆల్బమ్‌తో అమెరికాలో జెండా పాతింది. 1984 డిసెంబర్ 31న కారు ప్రమాదంలో డ్రమ్మర్ రిక్ ఆలెన్ ఎడమ చెయ్యి పోయింది. ఆ చేతి పనిని పాదంతో చేసేలా ఎలక్ట్రానిక్ కిట్ కట్టించుకుని 1986లో ఇంగ్లండులోని డోనింగ్టన్ రాక్ ఫెస్టివల్ వేదికెక్కాడు. నిర్మాత మట్ లాంగ్ మధ్యలో తప్పుకుని మళ్ళీ వచ్చాడు. గిటార్లను రాక్‌మన్ అనే చిన్న పెట్టె గుండా, పొర మీద పొరగా రికార్డు చేశారు. 12 పాటల్లో 7 సింగిల్స్‌గా (విడి రికార్డులుగా) వచ్చాయంటే దేన్ని తీసేస్తారు? గ్లామ్ మెటల్ (ఆర్భాటపు వేషంతో వాయించే హార్డ్ రాక్) అనే పేరు వాళ్ళకు గిట్టదు గానీ, ఆ జుట్టూ ఆ కోరస్‌లూ చూశాక ఇంకేమనాలి!

ఆ పొరలే ఒక డిస్కు ఎల్పీలో నలిగిపోతాయి. బయటి అంచున గాడి సూది కింద సెకనుకు సుమారు 50 సెం.మీ. నడుస్తుంది, లేబుల్ దగ్గర 21 సెం.మీ. మాత్రమే. అదే శబ్దం అంత తక్కువ దూరంలో ఇరుక్కోవాలి. అందుకే మొదటి వైపు చివరి పాట ‘ఆర్మగెడాన్ ఇట్’లో ‘స’, ‘ష’ శబ్దాలు గీరుకున్నట్టు వస్తాయి. గుండ్రటి మొన సూదితో అది పోదు. ఆడియో టెక్నికా వీఎం95 కార్ట్రిడ్జి (సూదిని పట్టి ఉంచే భాగం) ఉన్నవాళ్ళు మొత్తం మార్చక్కర్లేదు, సన్నటి మొన ఉండే మైక్రోలీనియర్ సూది మాత్రం కొని తొడిగితే చాలు. గాడి మీద సూది బరువు 2 గ్రాములు పెట్టి, ప్రొట్రాక్టర్‌తో (కోణమానిని) సూది కోణం సరిచూడాలి. చిన్న పెట్టెలా మూసుకునే చవక సూట్‌కేస్ ప్లేయర్ల జోలికి పోవద్దు. వాటిలో చాలావాటి సూది బరువు 5 గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది, ఇంత సన్నటి గాడిని అరగదీస్తుంది.

2017లో ముప్పై ఏళ్ళ సందర్భంగా వచ్చిన రెండు డిస్కుల ఎడిషన్‌లో ఒక్కో వైపు సగటున 16 నిమిషాల లోపే. మాటిమాటికీ లేచి తిప్పాలి, నిజమే. అయినా కొనాల్సింది అదే. ఇక సీడీలో 74 నిమిషాలు పడతాయి కాబట్టి ఈ గొడవే లేదు. టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్) లేనివాళ్ళు ఈ ఒక్క ఆల్బమ్ కోసం కొనడం దండగ.

తిరుపతిలో దీన్ని కాపాడుకోవడం ఇంకో పని. మే నెలలో అలిపిరి పార్కింగ్‌లో అద్దాలు మూసిన కారులో వదిలేస్తే డిస్కు వంకర పోవడం ఖాయం. కడగడానికి బోరు నీళ్ళు వద్దు, ఆరాక గాడుల్లో తెల్లటి ఉప్పు మిగులుతుంది. బ్యాటరీ షాపుల్లో దొరికే డిస్టిల్డ్ వాటర్ లీటరుకు గిన్నెలు తోమే లిక్విడ్ రెండు మూడు చుక్కలు కలిపి, మైక్రోఫైబర్ గుడ్డతో గాడి వెంబడే తుడవాలి. తర్వాత ఒట్టి డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి. లేబుల్ తడవకూడదు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలకు కాగితం కవర్లు బూజు పడతాయి, లోపలి కవరు పాలిథీన్‌ది వేసి నిలబెట్టి పెట్టాలి.

చెన్నై నుంచో బెంగళూరు నుంచో పాత ఎల్పీ తెప్పించుకునేవాళ్ళు కవరు ఫోటో చూసి డబ్బు పంపొద్దు. మొదటి వైపు చివరి పాట ఆడుతుండగా వీడియో తీసి పంపమనండి. మొదటి పాట వినిపిస్తామంటే ఒప్పుకోవద్దు, అరిగిన డిస్కులో కూడా అది బాగానే ఉంటుంది.