మైలుతుత్తం ప్రయోగానికి కొన్న కలరీమీటర్: ఒక సెమిస్టరు వాడాక

నేను రసాయనశాస్త్రం బోధించే బెంగళూరు డిగ్రీ కళాశాల ప్రయోగశాలకు కిందటి సెమిస్టరు మొదట్లో, ఎనిమిది ఫిల్టర్లున్న డిజిటల్ కలరీమీటరును (రంగు ద్రావణం ఎంత కాంతిని పీల్చుకుంటుందో కొలిచే పరికరాన్ని) నగరంలోని ఒక దుకాణం నుంచి తెప్పించుకున్నాము. మా తరగతిలో అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చిన పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్లు దీనితో చేసిన ప్రయోగాల రిపోర్టులన్నీ దిద్దిన తరువాతే ఈ సమీక్ష రాస్తున్నాను.

మైలుతుత్తంలో (కాపర్ సల్ఫేటులో) రాగి ఎంత ఉందో తేల్చడం మా ప్రయోగం. 3.93 గ్రాముల స్ఫటికాలను నీటిలో కరిగించి లీటరుకు సరిచేస్తే, మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము రాగి ఉన్న ద్రావణం వస్తుంది. అందులోంచి 2, 4, 6, 8, 10 మిల్లీలీటర్ల చొప్పున 25 మిల్లీలీటర్ల ఫ్లాస్కులలోకి తీసుకుని అమ్మోనియా కలుపుతూ పోతే, మొదట లేతనీలపు అవక్షేపం ఏర్పడి, ఇంకా కలిపేకొద్దీ అది కరిగి ద్రావణం ముదురు నీలంగా మారుతుంది. ఆ నీలి ద్రావణం నారింజ, ఎరుపు కాంతిని పీల్చుకుంటుంది కాబట్టి, ఆ కాంతినే పంపే 620 నానోమీటర్ల ఫిల్టరు వాడాము. ఫిల్టరు చక్రం చక్కగా కుదురుకుంటోంది, అంకెలు దూరం నుంచి కూడా స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఆన్ చేసి పది నిమిషాలు ఆగితే సున్నా నిలకడగా ఉంటోంది. ఆగకుండా మొదలుపెడితే మాత్రం మెల్లగా జరిగిపోతోంది, ఆ మాట పరికరంతో వచ్చిన పుస్తకంలో ఎక్కడా లేదు.

అసలు ఇబ్బంది క్యూవెట్లతో, అంటే ద్రావణం పోసి పరికరంలో పెట్టే చిన్న పాత్రలతో వచ్చింది. నాలుగూ ఒకే తీరువని దుకాణదారు చెప్పి ఇచ్చారు. రాగి పరిమాణానికి ఎదురుగా శోషణ (పీల్చుకున్న కాంతి కొలత) గుర్తిస్తూ ఒక విద్యార్థిని గీసిన గ్రాఫులో నాలుగు బిందువులు ఒకే గీత మీద ఉండగా, 6 మిల్లీలీటర్లది మాత్రం 0.20 ఉండవలసిన చోట 0.23 దగ్గర నిలిచింది. "పిప్పెట్‌తో తీసేటప్పుడు పొరపాటు చేశానేమో మేడమ్" అని ఆ అమ్మాయి బాధపడింది. అదే ద్రావణాన్ని వేరే క్యూవెట్‌లో పోయించి చూస్తే 0.20 వచ్చింది. అప్పుడు నాలుగింటిలోనూ డిస్టిల్డ్ వాటర్ పోసి చూశాము. ఒకటి మిగతా మూడింటికన్నా 0.03 ఎక్కువ చూపింది. రంగు గాఢంగా ఉన్న ద్రావణంలో ఇది చిన్న తేడాగా కనిపించవచ్చు గాని, 0.20 మీద అది పదిహేను శాతం. ఆ అమ్మాయి తన రిపోర్టులో రెండు రీడింగులూ, మార్చిన కారణమూ రాసింది. నాకు ఆ పేజీ ఎంతో నచ్చింది. తప్పిన బిందువును గీత మీదికి జరిపి చూపిన రిపోర్టులు కొన్ని అదే రోజు నా చేతికి వచ్చాయి, వాటిని తిరిగి రాయించాను.

క్యూవెట్ మార్చి ఇవ్వడానికి దుకాణం వారు మూడు వారాలు తీసుకున్నారు, అదీ నాలుగుసార్లు ఫోన్ చేశాక.

ఇన్ని చెప్పినా, డిగ్రీ తరగతులకు ఈ కలరీమీటరు కొనవచ్చనే అంటాను. కొన్న రోజే క్యూవెట్లన్నిటినీ నీటితో పరీక్షించుకోండి. బ్లాంకుకూ (సున్నా సరిచేయడానికి వాడే, రాగి లేని ద్రావణానికీ) మిగతా ద్రావణాలకూ ఒకటే క్యూవెట్ వాడి, ప్రతిసారీ ఒకే ముఖం కాంతి వైపు పెడితే, ఆ తేడా లెక్కలోకి రాదు. మేము ఇప్పుడు ప్రతి క్యూవెట్ అంచు మీద నంబరు వేసి, ఆ నంబరును రిపోర్టు పట్టికలో రాయిస్తున్నాము.