గోబ్లిన్ చేతికి రైఫిల్ ఇచ్చి మూడేళ్లు

మొదటి రోజే దెబ్బతిన్నాను. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాచికల ఆటలో ఒకరు కథనూ రాక్షసులనూ నడుపుతారు, మిగతావాళ్లు వీరుల పాత్రలు వేస్తారు. నడిపేవాణ్ని నేను. గోబ్లిన్లనే ఆరు పొట్టి రాక్షసులకు ఆరు ఆటోమేటిక్ రైఫిళ్లు ఇచ్చి రాళ్లగుట్ట వెనక కూర్చోబెట్టాను. ఎదురుగా మూడో స్థాయికి చేరిన ఐదుగురు వీరులు. పుస్తకంలోని లెక్క ప్రకారం ఆరు గోబ్లిన్లు వాళ్లకు ఒక లెక్కలోనివి కావు. కానీ మూడు రౌండ్లలో, అంటే ఆట కాలమానంలో 18 సెకన్లలో, ముగ్గురు నేలకూలారు. మాంత్రికుడి పాత్ర వేస్తున్న కుర్రవాడు తన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకుని, "అన్నా, టీ పెట్టిస్తారా?" అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది.

మేము ఆడేది డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్, 2014 నాటి నియమాలతో. హనుమకొండలో మా మేడ మీది గదిలో నెలకు రెండు ఆదివారాలు కూర్చుంటాం. గళ్ల చార్టు మీద వీరులకు చదరంగం పావులు, గోబ్లిన్లకు చింతగింజలు. ఆ ఎడిషన్‌లో ఆట నడిపేవాడి కోసం రాసిన డంజన్ మాస్టర్స్ గైడ్ తొమ్మిదో అధ్యాయంలో, ఇష్టమైతే వాడుకోండి అన్నట్టు ఒక చిన్న పట్టిక ఉంది. రివాల్వర్, షాట్‌గన్, ఆటోమేటిక్ రైఫిల్, గ్రెనేడు, డైనమైట్, చివరికి లేజర్ తుపాకి కూడా అందులో ఉన్నాయి. ఆ పట్టికను రాక్షసుల చేతిలో పెడితే ఎలా ఉంటుందన్న సరదాతో మొదలుపెట్టాను. మూడేళ్లు గడిచాక అందులో ఏది నిలిచిందో, ఏది చెత్తబుట్టకు చేరిందో చెప్పాలని ఈ సమీక్ష.

పట్టికను ఉన్నది ఉన్నట్టు వాడకండి. గోబ్లిన్ తన పొట్టి విల్లుతో కొడితే సగటున ఐదారు హిట్ పాయింట్లు, అంటే ప్రాణం లెక్కలో అంత, పోతాయి. అదే గోబ్లిన్ రైఫిల్‌తో కొడితే 11. గోబ్లిన్ల పెద్ద జాతి హాబ్‌గోబ్లిన్‌కు ఇంకో గుణం ఉంది: కొట్టదలచినవాడి పక్కన తన తోటివాడు నిలబడి ఉంటే రెండు పాచికల దెబ్బ అదనం. దానికి రైఫిల్ తోడైతే సగటు 17. మూడో స్థాయి మాంత్రికుడి ప్రాణమంతా కలిపి 20 చుట్టుపక్కల ఉంటుంది. గ్రెనేడు సంగతి ఇంకా అన్యాయం. దాని పేలుడు ఫైర్‌బాల్ మంత్రమంత మేర, అంటే 20 అడుగుల వ్యాసార్ధం వరకూ తగులుతుంది. ఫైర్‌బాల్ సగటు 28, గ్రెనేడు సగటు పదిహేడున్నర. ఆ మంత్రం కోసం మాంత్రికుడు ఐదో స్థాయి దాకా ఎదగాలి, ఎదిగాక కూడా రోజుకు రెండు మూడు సార్లకు మించి వేయలేడు. చంపితే 50 అనుభవ పాయింట్లే వచ్చే గోబ్లిన్ మాత్రం నడుముకు వేలాడే సంచిలోంచి తీసి విసిరేస్తుంది.

పైగా రాక్షసుడికి మనం ఏది ఇస్తే అది మర్నాటికి వీరుల చేతిలో ఉంటుంది. ఆ మొదటి పోరులో మిగిలిన ఇద్దరు ఎలాగో గట్టెక్కి ఆరు రైఫిళ్లూ ఏరుకున్నారు. తరువాతి నెలన్నర మా ఆటలో కత్తి దూసినవాడు లేడు, మంత్రం చదివినవాడు లేడు. తూటాలు దొరకనివ్వకుండా చేసి ఆ పీడ వదిలించుకున్నాను. అదీ మొరటు పద్ధతే, ఆటగాళ్లకు నేను పిసినారి కోమటిలా కనిపించి ఉంటాను.

దారి చూపింది మా బావగారు. ఆయన పదాతి దళంలో మోర్టార్ (గుండును ఎత్తుగా విసిరి అడ్డు అవతల పడేసే గొట్టం) ప్లాటూన్‌లో పనిచేసి హవల్దారుగా రిటైరయ్యారు. మా ఆట మొదట్లో ఆయనకు చిన్నపిల్లల వ్యవహారంగా కనిపించేది. ఒక ఆదివారం మంచానికి ఆనుకుని ఆ పట్టిక తిరగేసి పగలబడి నవ్వారు. పుస్తకంలో పొడవాటి విల్లు బాణం 600 అడుగుల దాకా పోతుంది, ఆటోమేటిక్ రైఫిల్ గుండు 240 అడుగులతో ఆగిపోతుంది. 240 అడుగులంటే 73 మీటర్లు. ఆయన చేతిలో ఉండిన ఇన్సాస్ రైఫిల్ 400 మీటర్ల దూరానికి పనికొచ్చేది. "ఇది రాసినవాడిని ఎవరో బాణంతో కొట్టి ఉంటారు" అన్నారు.

ఆ తరువాత అసలు మాట చెప్పారు. "మీ గోబ్లిన్లు ప్రతి గుండూ మనిషికి తగలాలని కాలుస్తున్నాయి. మేము కాల్చిన వాటిలో చాలా భాగం ఎవరికీ తగలాలని కాదు. వాడు తల ఎత్తకూడదు, అంతే. వాడు తల దించుకుని ఉండగా మా వాళ్లు పక్కనుంచి వెళ్తారు."

పుస్తకంలో ఆ తల దించుకోవడానికి నియమం లేదు. ఒకేసారి పది తూటాలు గుమ్మరించి పదడుగుల చోటును తడిపే పద్ధతి ఉంది కానీ, అదీ దెబ్బ కోసమే. నేను దెబ్బ తీసేసి భయం పెట్టాను. ఆ చోటులో ఉన్నవాళ్లు నేలమీద పడుకోవచ్చు, లేదా బండ వెనక్కి పోవచ్చు. నిలబడే ఉంటానంటే ఆ రౌండులో వాళ్ల దాడులన్నిటికీ రెండు పాచికలు వేసి తక్కువది తీసుకోవాలి. ఈ ఒక్క మార్పుతో తుపాకి చంపే యంత్రం కాకుండా దారి మూసే గోడలా పనిచేయడం మొదలుపెట్టింది. ముందు అరగంటలో ముగిసే పోరు రెండు గంటలు పట్టేది, ఎవరూ టీ అడిగేవారు కాదు.

ఈ మూడేళ్లలో అన్నిటికన్నా బాగా పండింది మోర్టార్. ఓగర్ అనే భారీ రాక్షసి భుజాన గొట్టం మోస్తుంది. అది మనిషి ఎత్తలేనంత బరువు కాబట్టి వీరులు ఎత్తుకుపోయే భయం లేదు. ఓగర్ కొండకు అవతల ఉంటుంది, వీరులకు కనబడదు. దానికీ వీరులు కనబడరు. కొండ కొమ్మున ఒక గోబ్లిన్ నక్కి ఉండి, దెబ్బ ఎక్కడ పడిందో చూసి, దిద్దుబాటు చెబుతుంది. బావగారి లెక్క ప్రకారం మొదటిది ముందు పడుతుంది, రెండోది వెనక పడుతుంది, మూడోది మన మీద పడుతుంది. నిజానికి 81 మిల్లీమీటర్ల మోర్టార్ గుండు గాలిలో ఇరవై సెకన్లకు పైగా ఉండగలదు, ఆటలో అది మూడు నాలుగు రౌండ్లు. నేను ఒక రౌండుకు కుదించాను. బావగారు ఒప్పుకోలేదు, కానీ ఊరుకున్నారు.

బల్ల మీద అది ఎలా ఉంటుందంటే, మా గళ్లలో అంగుళం అంటే ఐదడుగులు. 20 అడుగుల వ్యాసార్ధానికి ఎనిమిది అంగుళాల వెడల్పు కావాలి. మా అక్క వంటింట్లోని స్టీలు పళ్లెం సరిగ్గా సరిపోయింది. నా వంతు రాగానే మాట్లాడకుండా పళ్లేన్ని చార్టు మీద పెడతాను. వచ్చే రౌండులో గుండు అక్కడ పడుతుంది. మొదటిసారి అది వీరులకు దూరంగా పెడితే అందరూ నవ్వారు. రెండోసారి వాళ్ల వెనక పెట్టాను, నవ్వలేదు. మూడోసారి పళ్లెం చేతిలోకి తీసుకోగానే విలుకాడు, "ఎవడో చూస్తున్నాడు! ఎక్కడి నుంచి చూస్తున్నాడు?" అని లేచి నిలబడ్డాడు. సరిగ్గా ఆ ప్రశ్న కోసమే ఇదంతా.

అక్కడి నుంచి అది మన పాత కథ. రాక్షసుడి ప్రాణం రాక్షసుడిలో ఉండదు, ఏడు సముద్రాల అవతల చెట్టు తొర్రలోని చిలుకలో ఉంటుంది. ఓగర్‌ను ఎంత వెతికినా లాభం లేదు, కొండ కొమ్మున ఉన్న గోబ్లిన్‌ను పట్టుకోవాలి. ఆటగాళ్లే దానికి చిలుక అని పేరు పెట్టారు. మాంత్రికుడు తన పెంపుడు గుడ్లగూబను పంపాడు. కానీ దాని కళ్లతో చూడాలంటే అది నూరడుగుల లోపే ఉండాలని నియమం. కాబట్టి పళ్లెం కిందికి రాకుండా పాక్కుంటూ వాడూ కొండ ఎక్కవలసి వచ్చింది. ఏడు హిట్ పాయింట్ల గోబ్లిన్ కోసం ఒక సాయంత్రమంతా పోయింది. డ్రాగన్ చచ్చిన రోజు కూడా మా గదిలో అంత అరుపు వినబడలేదు.

చిలుక దగ్గర వాకీటాకీ దొరికింది. నేను మొత్తం మూడేళ్లలో రాక్షసులకు ఇచ్చిన వస్తువులలో ప్రమాదకరమైనది అదే. ఒక గదిలో చప్పుడైతే ఐదో గదిలోని హాబ్‌గోబ్లిన్లు మేలుకుంటాయి, వెనక దారి మూసేస్తాయి. అది వీరుల చేతికి పోయినా ఆట చెడలేదు, పైగా ముదిరింది. వాళ్లు వినడం మొదలుపెట్టారు. వింటున్నారని తెలిసి హాబ్‌గోబ్లిన్లు అబద్ధాలు చెప్పడం మొదలుపెట్టాయి.

రెండో ఏడాది నుంచి వస్తువులు ఇవ్వడం బాగా తగ్గించాను. రాక్షసుల ఒంట్లో ఉన్న గుణానికి యుద్ధంలో ఏ పని సరిపోతుందో చూడసాగాను. ట్రోల్ అనే రాక్షసికి గాయం ప్రతి రౌండులో పది పాయింట్ల చొప్పున మానుతుంది, నిప్పో ఆమ్లమో తగిలితే తప్ప. అలాంటిదాన్ని మందుపాతరల పొలం మీదుగా నడిపిస్తే? కాలు పోతుంది, కుంటుతుంది, కాలు వస్తుంది, మళ్లీ నడుస్తుంది. దాని అడుగుజాడల్లో వెనక సైన్యం. మందుపాతర అన్న మాట పత్రికలలో చదువుతూ పెరిగిన తరం మాది. ఆ దృశ్యం వర్ణిస్తుంటే గది నిశ్శబ్దమైపోయింది. బావగారు మాత్రం, "దానికి నొప్పి ఉండదా?" అని అడిగారు. పుస్తకంలో దానికి జవాబు లేదు. ఉంటుందని చెప్పాను. ఆ మాటతో వీరులు ట్రోల్‌ను చంపడం మానేసి, దాన్ని నడిపిస్తున్నవాడి కోసం వెతికారు.

అస్థిపంజరాలు ఊపిరి పీల్చవు, వాటికి విషం ఎక్కదు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్రె దగ్గర జర్మన్లు క్లోరిన్ వదిలినప్పుడు వాళ్ల సైనికులు కూడా గాలి ఎటు వీస్తుందో చూసుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని వెనకాల నడవవలసి వచ్చింది. అస్థిపంజరాలకు ఆ బాధ లేదు. పసుపు పచ్చని పొగలోంచి తాపీగా నడిచి వస్తాయి. మా మాంత్రికుడు గాలి మంత్రం వేసి పొగను వెనక్కి తిప్పి, గెలిచానని చప్పట్లు కొట్టాడు. అస్థిపంజరాలు ఆ పొగలోంచీ అలాగే నడిచి వచ్చాయి. వాటి వెనక నిలబడ్డ ప్రాణమున్న మంత్రగాడు మాత్రం దగ్గుతూ పారిపోయాడు, కాబట్టి ఆ మంత్రం వృథా కాలేదు.

తుప్పు పురుగు గురించి క్లుప్తంగా. వీరులు ఒకదాన్ని పెంచి హాబ్‌గోబ్లిన్ల ఆయుధ గిడ్డంగిలోకి వదిలారు. దాని మీసాలు తగిలితే ఇనుప జాతి లోహమే తుప్పు పడుతుందని నియమం. తూటా తొడుగు ఇత్తడిది. అది తుప్పు పడుతుందా పడదా అని ముప్పావు గంట వాదించుకున్నాం. పడదని తేల్చాను. ఆ రాత్రి హాబ్‌గోబ్లిన్ల దగ్గర వేల తూటాలు మిగిలాయి, కాల్చడానికి ఒక్క తుపాకీ మిగల్లేదు.

సిగ్గుపడే విషయం ఒకటి ఒప్పుకోవాలి. ఎర్ర డ్రాగన్ రెక్కల కింద క్షిపణులు కట్టాను. గది గదంతా పది నిమిషాలు నవ్వింది. డ్రాగన్‌కు అవి ఎందుకు? చీకటిలో చూస్తుంది, రౌండుకు 80 అడుగులు ఎగురుతుంది, నిప్పు ఊదుతుంది. యుద్ధ విమానానికి కావలసినవన్నీ పుట్టుకతో ఉన్న జంతువుకు ఇనుము తగిలిస్తే ఏనుగుకు జడకుచ్చులు కట్టినట్టే. తరువాత దాన్ని పొద్దువాలే వేళ సూర్యుడి వైపు నుంచి దించాను, క్షిపణి లేకుండా. అప్పుడు ఎవరూ నవ్వలేదు.

ఇదంతా కలగూరగంప కాదా అని బావగారు ఒకసారి అడిగారు. ఈ ఆట పుట్టుకే అలాంటిది. 1974లో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ దీన్ని అచ్చు వేయడానికి ముందు వాళ్లు ఆడినవి బొమ్మ సైనికులతో ఆడే యుద్ధ క్రీడలే. 1975 డిసెంబరులోనే గైగాక్స్ రెండో ప్రపంచ యుద్ధపు జర్మన్ దళాన్ని ట్రోల్స్ ఉన్న మాయా సైన్యానికి ఎదురుగా నిలిపి ఆ పోరును ఒక వ్యాసంగా రాశాడు. ఆగ్నేయాస్త్రానికి వారుణాస్త్రం వేసే కథలు విని పెరిగిన మనకు అందులో వింత ఏముంది?

ఒక్కటి మాత్రం మా బల్ల మీద నుంచి పూర్తిగా తీసేశాను. రెక్కల కోబోల్డ్ అని ఒకటుంది, పైనుంచి రాయి వదులుతుంది. రాయి బదులు గ్రెనేడు పెడితే డ్రోన్ అయిపోతుంది. ఆటపరంగా అది చాలా బాగా పనిచేసింది. వీరులు బయలు ప్రదేశంలో నడవడం మానేశారు, ప్రతి మలుపులో ఆకాశం వైపు చూశారు. నేను ఉత్సాహం పట్టలేక నోటితో ఆ రొద కూడా చేసేవాణ్ని. మా పిన్ని కూతురు ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో వైద్యం చదువుతూ, 2022 మార్చిలో ఆపరేషన్ గంగ విమానంలో ఇల్లు చేరిన అమ్మాయి. ఆమె మా ఆటలో పూజారి పాత్ర వేసేది. ఆ రోజు మూడో కోబోల్డ్ వచ్చేసరికి పాచికలు బల్ల మీద పెట్టి, "అన్నయ్యా, ఆ చప్పుడు చేయకు" అంది. నేను చప్పుడు ఆపి కోబోల్డ్‌ను మాత్రం ఉంచాను. ఆమె లేచి బాల్కనీలోకి వెళ్లి, మళ్లీ లోపలికి రాలేదు.

ముందే అడగవలసింది. ఇప్పుడు ఆట మొదలుపెట్టే రోజున ఒక కాగితం తిప్పుతాను. ఏది వద్దనుకుంటే అది పేరు లేకుండా రాయవచ్చు. మధ్యలో ఎవరైనా చేయి ఎత్తితే కారణం అడగకుండా ఆ దృశ్యం ఆపేస్తాను. ఆమె రెండు నెలల తరువాత తిరిగి వచ్చింది. కోబోల్డ్‌లు ఉన్నాయి, వాటి చేతిలో పుస్తకం ఇచ్చిన రాళ్లే ఉన్నాయి.

కొత్తగా ప్రయత్నించేవారు ఐదో స్థాయికి ముందు గ్రెనేడు జోలికి పోవద్దు. పట్టికలో ఒక్కటే వాడాలనుకుంటే పొగ గ్రెనేడు వాడండి. అది ఎవరినీ చంపదు, అందరినీ తికమక పెడుతుంది. మోర్టార్ కావాలంటే ముందు చిలుకను తయారు చేసుకోండి, గొట్టం తరువాత చూసుకోవచ్చు. వాకీటాకీల జత ఒకటి చాలు, రెండో జత ఇస్తే ఆటను నడపడం మీ వల్ల కాదు.

ప్రస్తుతం మా వీరులు సొరంగం తవ్వుతున్నారు. 1917లో మెస్సీన్ దగ్గర ఇంగ్లిషువాళ్లు శత్రువుల కందకాల కిందికి తవ్వుకుంటూ పోయి పేల్చిన సంగతి బావగారే వాళ్లకు చెప్పారు, నాకు చెప్పకుండా. కానీ నేల కంపనాన్ని 60 అడుగుల దూరం నుంచి పసిగట్టే బ్యులెట్ అనే జంతువు ఒకటి హాబ్‌గోబ్లిన్ల కోటలో కట్టేసి ఉంది. గత ఆదివారం మాంత్రికుడు బూట్లు విప్పి, గోనె సంచులు కాళ్లకు చుట్టుకోవచ్చా అని అడిగాడు. చుట్టుకోమన్నాను. సొరంగం కోటకు ఇంకా 70 అడుగుల దూరంలో ఉంది.