బ్రాడ్‌చర్చ్ మొదటి సీజన్ చివరి ఎపిసోడ్: హంతకుడెవరో తెలిశాకే అసలు కథ

ముందే చెప్తున్నా, హంతకుడి పేరు కింద రాసేశాను. ఇంకా చూడనివాళ్లు ఎనిమిది ఎపిసోడ్లూ పూర్తి చేశాకే చదవండి, ఎందుకంటే ఈ ముగింపు గురించి ఆ పేరు దాచి మాట్లాడటం కుదరదు.

బ్రిటన్‌లో ఐటీవీ ఛానెల్ 2013లో వేసిన సిరీస్ ఇది, రాసింది క్రిస్ చిబ్నాల్. సముద్రం పక్కన చిన్న ఊరు, అక్కడ ఒకరికొకరు తెలియనివాళ్లు లేరు. పదకొండేళ్ల డానీ లాటిమర్ శవం నిట్టనిలువు కొండ కింద బీచ్‌లో దొరుకుతుంది. కేసు చూసేది ఇద్దరు: బయటి నుంచి వచ్చిన, ఎవరినీ నమ్మని అలెక్ హార్డీ (డేవిడ్ టెనంట్), ఆ ఊళ్లోనే ఉంటూ అందరినీ నమ్మే ఎల్లీ మిల్లర్ (ఒలీవియా కోల్మన్). డానీ వాళ్లమ్మ బెత్, ఎల్లీ మంచి స్నేహితులు, పిల్లలు కూడా కలిసి తిరిగేవాళ్లే.

ఇలాంటి సిరీస్‌లు చాలావాటిలో హంతకుణ్ణి చివరి పది నిమిషాల దాకా దాచి, అప్పుడొక ట్విస్ట్ విసిరి, పేర్లు వేసేస్తారు. ఇక్కడ మాత్రం ఎపిసోడ్ మొదలైన కాసేపటికే డానీ ఫోన్ సిగ్నల్ వెంట హార్డీ నడుచుకుంటూ వెళ్తాడు, అది ఎల్లీ ఇంటి వెనక షెడ్డు దగ్గర ఆగుతుంది, లోపల ఆమె భర్త జో నిలబడి ఉంటాడు. ఇంకా బోలెడంత ఎపిసోడ్ మిగిలే ఉంది! నాకు ఈ సీజన్ ఇంత నచ్చడానికి కారణం ఆ మిగిలిన భాగమే. ఒక మనిషి చేసిన పనికి పక్కనున్నవాళ్ల బతుకులు ఏమైపోతాయో చూపించడానికి ఆ టైమంతా వాడారు.

ఎల్లీకి హార్డీ నిజం చెప్పే సీన్ గురించి ఎంత రాసినా తక్కువే. గదిలో ఇద్దరే ఉంటారు. ఆ రాత్రి ఎక్కడున్నావని మామూలుగా అడగడం మొదలుపెడతాడు, తనని ఎందుకు అడుగుతున్నాడో ఆమెకి అర్థం కాదు, తర్వాత ఇతను చెప్పబోయేదేంటో మనకి ముందే తెలుసు కాబట్టి ఒక్కో ప్రశ్నకీ మనకి టెన్షన్ పెరిగిపోతుంది. విన్నాక ఆమె నమ్మదు, కుదరదంటుంది, మూలకి వెళ్లి కడుపులోది కక్కేసుకునేంతగా కుంగిపోతుంది. ఒలీవియా కోల్మన్‌కి ఈ పాత్రకి 2014లో బాఫ్టా (బ్రిటన్‌లో సినిమా, టీవీలకి ఇచ్చే అవార్డు) ఉత్తమ నటి అవార్డు వచ్చింది. ఈ ఒక్క సీన్‌కే ఇచ్చినా అడిగేవాళ్లుండరు. ఆ తర్వాత జో ఉన్న గదిలోకి వెళ్లి అతన్ని కాళ్లతో తన్నే చోట ఆమె పోలీసన్న సంగతే గుర్తుకు రాదు మనకి.

ఇంకో సంగతి, చివరి ఎపిసోడ్‌కి ముందు ఎపిసోడ్‌లో వేసిన ముడి. సూసన్ రైట్ అనే ఆవిడ భర్త సొంతింట్లోనే ఘోరాలు చేశాడని తెలిసినప్పుడు, నీకెలా తెలియకుండా పోయిందని ఎల్లీ ఆమెని నిలదీస్తుంది. చివరి ఎపిసోడ్‌లో సరిగ్గా అదే ప్రశ్న బెత్ వచ్చి ఎల్లీని అడుగుతుంది. ఎల్లీ దగ్గర జవాబు లేదు. కొత్త క్లూ ఏదో అప్పటికప్పుడు పుట్టించకుండా, మనం చూసి వదిలేసిన మాటతోనే దెబ్బ కొట్టారు, రచన అంటే ఇదీ.

నచ్చనివీ ఉన్నాయి. ఏడు ఎపిసోడ్లపాటు జో ఇంట్లో ఉండి పిల్లల్ని చూసుకునే మంచి భర్తగా అలా పక్కన కనిపిస్తూ ఉంటాడంతే, అతని మనసులో ఏముందో పట్టుకునే సీన్లు చాలా తక్కువ. అందుకే ఒప్పుకునేటప్పుడు అతను చెప్పే మాటలు విన్నాక కూడా ఎందుకు చంపాడన్నది నాకు పూర్తిగా మింగుడుపడలేదు. తను డానీని ప్రేమించానంటాడు, ఏ తప్పూ చేయలేదంటాడు, కానీ ఆ పిల్లాణ్ణి రహస్యంగా కలవడమే తప్పని సిరీస్ ఇంకాస్త గట్టిగా చెప్పాల్సింది. అంత్యక్రియలు అయ్యాక బీచ్‌లో మంట వెలిగిస్తే తీరం పొడుగునా మిగతా ఊళ్లవాళ్లూ వెలిగించడం కూడా, అప్పటిదాకా ఉన్న కరుకుదనానికి కాస్త అందం ఎక్కువైనట్టు అనిపించింది. అయితే ఆ సీన్‌కి ఓలాఫర్ ఆర్నాల్డ్స్ ఇచ్చిన సంగీతం మాత్రం చాలా రోజులు వెంటాడుతుంది.

జాక్ మార్షల్ విషయం మాత్రం ఎవరూ మర్చిపోకూడదు. పేపర్లు, ఊరు కలిసి అనుమానించి వేధిస్తే ప్రాణం తీసుకున్న ముసలాయన. అసలు హంతకుడు దొరికాక ఆయన చావు ఇంకా భారంగా తగులుతుంది. ఆ పాత్ర వేసిన డేవిడ్ బ్రాడ్లీకి కూడా బాఫ్టా వచ్చింది, న్యాయంగానే.

ఇదే కథని 2014లో అమెరికాలో గ్రేస్‌పాయింట్ పేరుతో మళ్లీ తీశారు, అక్కడా డిటెక్టివ్ టెనంటే, ముగింపు కాస్త మార్చారు. ముందు ఇదే చూడండి. రెండో సీజన్ వెంటనే మొదలుపెట్టకండి, అది జో కోర్టులో తను నేరం చేయలేదనడంతో మొదలవుతుంది, ఈ చివరి ఎపిసోడ్ నుంచి తేరుకోకుండా దాన్ని చూడటం కష్టం.