కంట్లో వరికంకి గీసుకుంటే మెడికల్ షాపా, బరంపురమా, వైజాగా? ఏది మేలు?

ఒడిశాలో పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు మన తెలుగోళ్ళ ఇళ్ళల్లో కోతలూ నూర్పులూ మొదలయ్యేసరికి ఈ ప్రశ్న వచ్చి కూర్చుంటుంది. కంట్లో వరికంకి గీసుకుంది, లేదంటే కల్లంలో ధూళి పడింది, రెండ్రోజులకి కన్ను ఎర్రగా అయిపోయి నీరు కారిపోతోంది, వెలుతురు చూళ్ళేకపోతున్నారు, ఇప్పుడు ఏటి చెయ్యాలి? ఒకరు షాపుకెళ్ళి చుక్కలు తెచ్చెయ్ అంటారు, ఒకరు బరంపురం పెద్దాసుపత్రి అంటారు, ఇంకొకరు అవన్నీ ఎందుకు సరాసరి వైజాగ్ బండెక్కించెయ్ అంటారు. ఇలా ఊళ్ళ పేర్లు చెప్పుకుని వాదించుకుంటాం గానీ నన్నడిగితే అసలు తేడా ఊళ్ళో లేదు, మందు మొదలెట్టే ముందు ఆ పుండు మీంచి కాస్త గీకి మైక్రోస్కోపు కింద పెట్టి చూశారా లేదా అన్నదాంట్లో ఉంది.

ముందు ఒకటి తేల్చుకోవాలి, అది కండ్లకలకా లేక నల్లగుడ్డు మీద పుండా. కండ్లకలక అయితే మామూలుగా ఒక కంట్లో మొదలై రెండోదానికి కూడా అంటుకుంటుంది, పుసి కడుతుంది, గరగరలాడుతుంది, కానీ పుసి తుడిస్తే చూపు బాగానే ఉంటుంది. పుండు అలా కాదు, ఒక్క కన్నే, పొడిచినట్టు నొప్పి, చూపు మసక, టార్చి వేసి చూస్తే నల్లగుడ్డు మీద చిన్న తెల్లమచ్చ కనబడుతుంది. మన పెద్దోళ్ళు పువ్వు పడింది అనేది చాలావరకు ఇలాంటి పుండు మానాక మిగిలే మచ్చనే. నల్లగుడ్డు మీదుండే పైపొరని కార్నియా అంటారు, మధ్యలో దాని మందం అర మిల్లీమీటరు కంటే కాస్తే ఎక్కువ, అంతే. లోపల క్రిమి పని మొదలెడితే అది కరిగిపోవడానికి ఎన్నాళ్ళో పట్టదు.

మెడికల్ షాపు మాట చూద్దాం. దాన్ని పూర్తిగా తీసిపారెయ్యను. గీత పడింది ఇవాళే, తెల్లమచ్చ ఏమీ లేదు, ఆసుపత్రి దూరం అనుకుంటే వట్టి యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ పెట్టుకోవడంలో అర్థం ఉంది. నేపాల్లో భక్తపూర్ దగ్గర పల్లెల్లో ఆరోగ్య కార్యకర్తల చేత కంట్లో గీతపడ్డ వాళ్ళకి క్లోరాంఫెనికాల్ ఆయింట్‌మెంట్ 3 రోజులు వేయించారు, 2001లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి, దెబ్బ తగిలిన 18 గంటల్లోపు మందు మొదలెట్టిన వాళ్ళలో ఒక్కరికి కూడా పుండు కాలేదు. అంటే మొదటి రోజు మీ ఊళ్ళో ఆశా దీదీ దగ్గరికో పీహెచ్‌సీకో బేగి వెళ్ళడం వైజాగ్ వెళ్ళడం కంటే మేలు.

కానీ షాపులో మనకి ఇచ్చేది చాలాసార్లు అది కాదు కదా. "కన్ను ఎర్రగా ఉంది" అనగానే చేతిలో పెట్టే చుక్కల్లో యాంటీబయాటిక్‌తో పాటు స్టెరాయిడ్ కలిసి ఉండొచ్చు. సీసా మీద చిన్న అక్షరాలు చదవండి, డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసోలోన్, ఫ్లోరోమెథలోన్, లోటెప్రెడ్నాల్ వీటిల్లో ఏ పేరున్నా స్టెరాయిడే, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడనిదే. ఇందులో ఉన్న మోసం ఏటంటే వేసిన మర్నాడు కన్ను తేటపడుతుంది, ఎరుపు తగ్గుతుంది, నొప్పి తగ్గుతుంది, మందు భలే పనిచేసింది అనిపిస్తుంది, కానీ తగ్గింది వాపే, క్రిమి కాదు. ఒంట్లో ఉన్న కాపలాని స్టెరాయిడ్ పడుకోబెట్టేస్తుంది, ఈలోగా ఆ క్రిమి బూజు (ఫంగస్) అయితే లోపలికి వేళ్ళు దింపుకుంటూ పోతుంది, వారం పదిరోజులకి మళ్ళీ ఎర్రబడేసరికి పుండు లోతుకి దిగిపోయి ఉంటుంది. మా వైపు ఇలా ఆలస్యం అయిపోయిన కేసులు విన్నప్పుడల్లా కథ మొదలయ్యేది ఆ మొదటి వారం హాయితోనే.

ఆకుపసరు, ఆముదం, చనుబాలు, నాలుకతో నలక తీయించుకోవడం, వీటి గురించి ఎక్కువ చెప్పను. పుండున్న కంట్లో ఏదీ పోయకండి, గుడ్డ కట్టి మూసెయ్యకండి. మూసేస్తే లోపల వెచ్చగా తడిగా ఉండి క్రిమికే సుఖం.

ఇక గీకడం సంగతి, దీనికి జనం చాలా భయపడతారు, కన్ను గీకుతారంట అని వెళ్ళడమే మానేస్తారు. మత్తు చుక్కలు వేసి స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దగా చూపించే యంత్రం) దగ్గర కూర్చోబెట్టి చిన్న బ్లేడుతో పుండు అంచూ అడుగూ కొద్దిగా గీకుతారు, నొప్పి తెలీదు, కొద్ది నిమిషాల పని. ఒక గాజుపలక మీద 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ వేసి చూస్తే బూజు దారాలు ఉన్నాయా లేవా అప్పటికప్పుడే కనిపిస్తుంది, ఇంకో పలక మీద గ్రామ్ స్టెయిన్ అనే రంగు వేస్తే బ్యాక్టీరియా తెలుస్తుంది, మిగతాది కల్చర్‌కి, అంటే ల్యాబులో క్రిమిని పెంచి చూడ్డానికి పెడతారు, అది మాత్రం రోజులు పడుతుంది, బూజుకైతే వారం దాటొచ్చు కూడా. అనుభవం ఉన్న డాక్టరు చూసి చెప్పెయ్యలేరా, గీకడం ఎందుకు అంటారా, 2012లో ఒక స్టడీ వచ్చింది, కార్నియా స్పెషలిస్టులకే పుళ్ళ ఫోటోలు చూపించి ఇది బూజా బ్యాక్టీరియానా అని అడిగితే మూడింట రెండు వంతులే సరిగ్గా చెప్పారు. స్పెషలిస్టులే అంత అయితే కౌంటర్ వెనకాల నిలబడ్డ కుర్రాడు ఎంత చెప్పగలడో మీరే చూసుకోండి. పుస్తకాల్లో తేడాలు రాస్తారు, బూజు అయితే నెమ్మదిగా, అంచులు ఈకల్లా, పొడిపొడిగా, చుట్టూ పిల్ల మచ్చలు, బ్యాక్టీరియా అయితే ఒకట్రెండు రోజుల్లోనే చీముతో దూకుడుగా అని, నిజమే గానీ స్టెరాయిడ్ పడ్డ కంట్లో ఈ గుర్తులన్నీ కలిసిపోతాయి. ఇంకోటి, పుండు కొమ్మలు కొమ్మలుగా చెట్టులా ఉంటే అది హెర్పిస్ వైరస్, దానికి మందే వేరు, అసైక్లోవిర్ ఆయింట్‌మెంట్ రోజుకి 5 సార్లు, దాని మీద వట్టి స్టెరాయిడ్ వేస్తే అగ్గికి ఆజ్యమే.

రిపోర్టు బూజు అని వచ్చింది అనుకోండి, అప్పుడు రెండో ప్రశ్న, బూజుని చంపే మందుల్లో నాటామైసినా వోరికొనజోలా? వోరికొనజోల్ కొత్తది, లోపలికి బాగా దిగుతుంది, అదే రాయండి అని డాక్టర్ని అడిగేవాళ్ళు ఉన్నారు. ఖరీదెక్కువైతే గొప్ప మందు అని మనకో నమ్మకం కదా. అయితే ఈ రెండిటికీ మన దేశంలోనే పోటీ పెట్టి చూశారు, తమిళనాడు పాండిచ్చేరి వైపు అరవింద్ ఆసుపత్రుల్లో 323 మంది మీద, 2013లో ఫలితం వచ్చింది, 5 శాతం నాటామైసిన్ చుక్కలు వేసినవాళ్ళకే చూపు బాగా మిగిలింది, కన్ను చిల్లు పడటం, అర్జెంటుగా కార్నియా మార్చాల్సిరావడం వోరికొనజోల్ వాళ్ళలోనే ఎక్కువ. ముఖ్యంగా ఫ్యుసేరియం అనే బూజు దగ్గర తేడా బాగా కొట్టొచ్చినట్టు కనిపించింది, మొక్కల మీదా మట్టిలోనూ ఉండే రకం అది, పొలం దెబ్బల్లో తరచుగా బయటపడేవాటిల్లో ఒకటి. మిగతా బూజుల దగ్గర పెద్ద తేడా లేదు. సరే చుక్కలతో పాటు వోరికొనజోల్ మాత్రలు కూడా మింగిస్తే ఇంకా మేలేమో అని భారత్, నేపాల్ కలిపి 240 మందిలో చూశారు, 2016లో తేలింది ఏటంటే మొత్తం మీద కన్ను చిల్లు పడటం అలా ఏమీ తగ్గలేదు, మాత్రల వల్ల ఒంటికి ఇబ్బందులు మాత్రం ఎక్కువ. కాబట్టి మామూలు పుండుకి పాత మందే మేలు. లోతుగా దిగిపోయినవాటికి డాక్టరు రెండోది కలుపుతారు, అది వాళ్ళ లెక్క.

నాటామైసిన్‌తో ఇబ్బంది ఒకటుంది, ఓపిక కావాలి. మొదట్లో మెలకువగా ఉన్నంతసేపూ గంటగంటకీ వెయ్యాలి, తర్వాత తగ్గిస్తూ వారాల తరబడి సాగుతుంది, సీసా ప్రతిసారీ బాగా కుదపాలి ఎందుకంటే మందు అడుక్కి దిగిపోతుంది, వేశాక కంట్లో తెల్లగా అంటుకుంటుంది, అది చూసి పుండు పెరిగిపోయిందని హడలిపోవద్దు. అన్ని షాపుల్లోనూ దొరకదు కూడా, అందుకే ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడే రెండు మూడు సీసాలు కొనేసుకోండి. ఇంట్లో ఒక మనిషి ఆ పనికే ఉండాలి, కోతల టైములో అది ఎంత కష్టమో నాకు తెలుసు, అయినా గంటగంటకీ వెయ్యలేని ఇల్లయితే ఆసుపత్రిలో చేరిపోవడమే మేలు.

బ్యాక్టీరియా అయితే కథ కొంచెం సులువు, మోక్సీఫ్లోక్సాసిన్ లాంటివి, లేదా సెఫజోలిన్, టోబ్రామైసిన్ ఘాటు ఎక్కువగా కలిపిన చుక్కలు. ఇక్కడ పెద్దాసుపత్రిలో కూడా స్టెరాయిడ్ ఇస్తారు కదా, షాపువాడు ఇస్తే తప్పేటి అని ఒకాయన నాతో గట్టిగా వాదించాడు. తేడా ఉంది. బ్యాక్టీరియానే అని కల్చర్‌లో తేలాక, 48 గంటలు యాంటీబయాటిక్ పడ్డాక అప్పుడు స్టెరాయిడ్ కలిపి 500 మంది మీద చూశారు, 2012లో వచ్చింది ఆ ఫలితం, 3 నెలలకి మొత్తం మీద చూపులో తేడా లేదు, బాగా చూపు పోయిన కొందరికి మాత్రం లాభం కనిపించింది. అంటే అంత జాగ్రత్తగా ఇచ్చినా లాభం అంతంతమాత్రమే, ఇక గుడ్డిగా ఇస్తే ఏటవుతుంది?

ఊళ్ళ సంగతికి వద్దాం. బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది, 1962 నాటిది, మన పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి పేరు మీదే, మెడికల్ కాలేజీ కాబట్టి మైక్రోబయాలజీ ల్యాబు పక్కనే ఉంటుంది, ప్రభుత్వానిది కాబట్టి ఖర్చు తక్కువ, అక్కడ తెలుగూ నడుస్తుంది ఒడియా నడుస్తుంది. వైజాగ్‌లో హనుమంతవాక దగ్గర ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది, భువనేశ్వర్లో పటియా దగ్గర వాళ్ళదే ఇంకోటి, రెండూ 2006లో వచ్చినవే, కార్నియా స్పెషలిస్టులు, ఐ బ్యాంకు, ల్యాబు అన్నీ ఒకేచోట, డబ్బు కట్టలేనివాళ్ళకి ఉచితంగా చూసే పద్ధతి కూడా ఉంది. వైజాగ్‌లోనే సర్కారువారి రీజనల్ కంటి ఆసుపత్రి కూడా ఉంది. గుణుపురం, పర్లాకిమిడి వాళ్ళకి నౌపడ మీదుగా వైజాగ్ రైలుంది, రాయగడ వాళ్ళకి విజయనగరం లైను ఎలాగూ ఉంది, అందుకే మనవాళ్ళ కాళ్ళు అటే లాగుతాయి. ఛత్రపురం బరంపురం వాళ్ళకి భువనేశ్వర్ సులువు, కొరాపుట్ జయపురం వైపు వాళ్ళు ముందు కొరాపుట్ మెడికల్ కాలేజీలో చూపించుకుని అక్కణ్ణుంచి కదలడం నయం.

నా ఓటు ఇలా. చిన్న పుండు, మొదటి వారం లోపు అయితే 24 గంటల్లో గీకి చూసేది ఎక్కడ దగ్గరైతే అక్కడికే, పేరు చూడక్కర్లేదు. ఎందుకంటే ఈ జబ్బుకి ఒక్కసారి చూపించుకుంటే సరిపోదు, మొదట్లో రోజు విడిచి రోజు చూపించుకోవాలి, పుండు ఎంత పెరిగింది ఎంత తగ్గింది కొలిచి రాసుకుంటారు, వైజాగ్‌లో ఉండటానికి చుట్టాలెవరూ లేక ఒకసారి వెళ్ళొచ్చి మళ్ళీ వెళ్ళని వాళ్ళకంటే బరంపురంలో నాలుగుసార్లు చూపించుకున్నవాళ్ళకే బాగవుతుంది. అదే పుండు నల్లగుడ్డు సగం ఆక్రమించినా, లోపల చీము గీతలా నిలిచినా, చిల్లు పడేలా పల్చబడినా, లేక మందు వేస్తున్నా రోజురోజుకీ పెరుగుతున్నా, ఇంక ఆలోచించకుండా కార్నియా ఆపరేషన్ చేసేచోటికే వెళ్ళండి, అక్కడ మాత్రం వైజాగో భువనేశ్వరో మేలు. కార్డు విషయం ముందే తేల్చుకోండి, మనది ఒడిశా రేషన్ కార్డు కాబట్టి ఆంధ్రా ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) మనకి రాదు, ఆయుష్మాన్ కార్డుంటే వేరే రాష్ట్రంలోనూ ఆ జాబితాలో ఉన్న ఆసుపత్రిలో చెల్లుతుంది, మీ జబ్బుకి ఆ ఆసుపత్రిలో చెల్లుతుందో లేదో ఫోన్ చేసి అడిగి బయల్దేరండి. వాడుతున్న ప్రతి సీసా, కాంటాక్ట్ లెన్స్ పెట్టుకునే పిల్లలైతే లెన్సూ దాని డబ్బీతో సహా, కవర్లో వేసుకుని పట్టుకెళ్ళండి, డబ్బీలోంచి కూడా క్రిమిని పట్టుకోవచ్చు.

చివరికి ఆపరేషనే అంటే అక్కడా రెండు దార్లు. చిల్లు చిన్నది అయితే జిగురులాంటి మందుతో మూసి పైన బ్యాండేజ్ లెన్స్ పెడతారు, పెద్దదైనా మందులకి లొంగకపోయినా కార్నియా మార్చేస్తారు. ఇది చూపు కోసం చేసేది కాదు, కన్ను నిలబడటం కోసం చేసేది, ఎర్రగా మండుతున్న కంట్లో వేసిన కార్నియా తెల్లబడిపోయే అవకాశం ఎక్కువ, ఇంటికొచ్చాక "ఆపరేషన్ చేశారు అయినా కనబడట్లేదు" అని డాక్టర్ని తిట్టుకునేవాళ్ళకి ఈ మాట ముందే చెప్పి ఉండాల్సింది. చూపు కోసం చేసేది తర్వాత, కన్ను చల్లబడి నెలలు గడిచాక. అప్పుడు కూడా మచ్చ పలుచగా ఉండి నల్లగుడ్డు ఎగుడుదిగుడు అవడం వల్లే చూపు మసకగా ఉంటే ముందు గట్టి రకం కాంటాక్ట్ లెన్సో, తెల్లగుడ్డు మీద ఆనే పెద్ద స్క్లీరల్ లెన్సో పెట్టించి చూడమనండి, చాలామందికి దాంతోనే పని అయిపోతుంది. మచ్చ దట్టంగా నడిమధ్యలో ఉంటేనే మార్పిడి, దానికి ఐ బ్యాంకులో పేరు రాయించుకుని ఎదురుచూడాలి, ఎందుకంటే ఆ కార్నియా ఎవరో ఒకరు చనిపోయిన 6 గంటల్లోపు వాళ్ళ ఇంటివాళ్ళు ఫోన్ చేస్తేనే వస్తుంది.