లిస్బన్ చేరేసరికి రోజున్నర

మా ఆవిడా నేనూ ఎన్నాళ్లుగానో అనుకుంటున్న ట్రిప్ ఇది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం మారాలి, రెండూ ఒకే టికెట్ మీద, ఒకే యూరప్ ఎయిర్‌లైన్. మొదటి విమానమే సాంకేతిక లోపమని ఐదు గంటలు లేటు. బోర్డు మీద టైమ్ మారుతూ పోయింది తప్ప, గేటు దగ్గర సరిగ్గా చెప్పే మనిషి లేడు. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది అదే. షెంగెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు) ఇమిగ్రేషన్ ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే కాబట్టి ఆ క్యూ దాటుకుని, పరుగున వెళ్లేసరికి గేటు మూసేశారు, అద్దం అవతల మా విమానం ఇంకా కదలనేలేదు, మా ఆవిడ దాన్నే చూస్తూ నేల మీద కూర్చుండిపోయింది.

కౌంటర్‌లో ఉన్న అమ్మాయి మాత్రం బంగారం. అడక్కముందే మర్నాటి విమానం, హోటల్, భోజనం కూపన్లు చేతిలో పెట్టింది. సీట్లు, తిండి బాగానే ఉన్నాయి.

పరిహారం సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఈయూ (యూరోపియన్ యూనియన్) 261/2004 నిబంధన ప్రకారం 3,500 కిలోమీటర్లు దాటిన ఇలాంటి ప్రయాణంలో గమ్యానికి 4 గంటలకు మించి ఆలస్యంగా చేరితే మనిషికి 600 యూరోలు రావాలి, మామూలు సాంకేతిక లోపం అని తప్పించుకోవడానికి లేదు. అప్లై చేశాం, ఇంకా జవాబు లేదు. బోర్డింగ్ పాస్‌లు మాత్రం పారేయకండి.